సర్వర్ నుంచి కాగితం దాకా: నెట్‌వర్క్ ప్రింట్ రూటింగ్ పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా సర్వర్లు బెంగళూరులో ఉన్నాయి. ప్రింటర్లు మాత్రం పీణ్యా, నెలమంగల, హోసూరు, శ్రీపెరంబుదూరు అంటూ ఎక్కడెక్కడో గోడౌన్లలో, గేట్ల దగ్గర, డిస్పాచ్ బల్లల మీద ఉన్నాయి. "అన్నా, సర్వర్‌లో అంతా గ్రీన్‌గా ఉంది, ఇక్కడ మాత్రం కాగితం రాలేదు" అనే ఫోన్ వారానికి నాలుగైదు సార్లు వస్తుంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవి కూడా దాదాపు ఇవే సందేహాలు. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, వరుసగా చదవనక్కరలేదు. సర్వర్ లినక్స్ అనీ, దాని మీద ప్రింట్ పని చూసేది కప్స్ అనీ అనుకుని రాశాను.

## మొదలుపెట్టే ముందు

ప్రింట్ రూటింగ్ అంటే ఏమిటి? ప్రింటర్ ఐపీ సర్వర్‌లో ఎక్కించేస్తే అయిపోదా?

ఐపీ ఎక్కించడం అందులో ఒక మెట్టు మాత్రమే. గోడౌన్‌లో ఒకరు ఇన్వాయిస్ బటన్ నొక్కగానే మూడు చోట్ల మూడు నిర్ణయాలు జరుగుతాయి. పత్రం ఏది, నొక్కింది ఎవరు, ఏ ప్లాంటు అని చూసి అప్లికేషన్ ఒక క్యూ (ఒక ప్రింటర్‌కి వెళ్ళే పనులు వరుసలో నిలబడే చోటు) పేరు ఎంచుకుంటుంది. ఆ పేరు ఏ అడ్రస్‌కి కట్టి ఉందో కప్స్ చూస్తుంది. ఆ అడ్రస్‌లో ఈరోజు నిజంగా ఏ యంత్రం ఉందో నెట్‌వర్క్ తేలుస్తుంది. ఈ మూడింట్లో ఏది తప్పినా కాగితం రాదు, లేదంటే వేరేచోట వస్తుంది. రాకపోతే వెంటనే ఫోన్ వస్తుంది. వేరేచోట వస్తే చాలాసార్లు ఎవరూ ఫోన్ చేయరు. నాకు ఈ రెండోదంటేనే ఎక్కువ భయం.

పరీక్షకు ముందు నా చేతిలో ఏమేం ఉండాలి?

ఒక జాబితా ఉండాలి, అది కాళ్ళతో తిరిగి రాసుకున్నదై ఉండాలి. పాత ఎక్సెల్ షీటును నమ్మకండి. ప్రతి ప్రింటర్ దగ్గరికి వెళ్ళి, దాని ప్యానెల్ నుంచే కాన్ఫిగరేషన్ పేజీ కొట్టించండి. ఐపీ, మ్యాక్ అడ్రస్ (యంత్రం నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబర్), మోడల్, ఫర్మ్‌వేర్, ఇప్పటివరకు కొట్టిన పేజీల లెక్క సాధారణంగా అందులోనే ఉంటాయి. పెన్నుతో దాని పక్కన ఇంకో నాలుగు రాసుకోండి: ఏ చోట ఉంది, ఏ ట్రేలో ఏ కాగితం ఉంది, పక్కన కూర్చునేది ఎవరు, వాళ్ళ ఫోన్ నంబర్ ఏమిటి. ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. అవతల కాగితం చేత్తో పట్టుకుని "వచ్చింది" అని చెప్పే మనిషి లేకపోతే మీరు చేసేది సగం పరీక్షే.

క్యూకి పేరు ఎలా పెట్టాలి?

చోటును బట్టి పెట్టండి. మనిషి పేరు వద్దు, ప్రింటర్ మోడల్ కూడా వద్దు. మనిషి బదిలీ అవుతాడు, మోడల్ మారుతుంది, గేటు మాత్రం అక్కడే ఉంటుంది. ఊరు, ప్లాంటు, చోటు, వరుస సంఖ్య చాలు. కప్స్‌లో క్యూ పేరు మధ్యలో ఖాళీ, స్లాష్, హ్యాష్ గుర్తు పెట్టకూడదు. అదే పేరును స్టిక్కర్ మీద రాసి ప్రింటర్ నుదుట అంటించండి. ఫోన్‌లో "ఆ నల్ల ప్రింటర్ సార్" అనే మాట దాంతో ఆగిపోతుంది.

ప్రింటర్ ఐపీని డీహెచ్‌సీపీకి (ఐపీలను దానంతట అదే పంచే సర్వీసుకి) వదిలేయవచ్చా?

వదలకండి. మ్యాక్ అడ్రస్‌కి ఎప్పుడూ అదే ఐపీ వచ్చేలా రిజర్వేషన్ చేయించండి, లేదా స్థిరమైన ఐపీ ఇవ్వండి.

నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట, ఆదివారం కరెంటు పోయి వచ్చాక రెండు ప్రింటర్లు ఒకదాని ఐపీ ఇంకొకటి తీసుకున్నాయి. సర్వర్‌కి తేడా తెలియలేదు, ఎందుకంటే రెండు అడ్రసుల్లోనూ ప్రింటర్ ఉంది, రెండూ జవాబు ఇస్తున్నాయి. సోమవారం పొద్దున డిస్పాచ్ చలాన్లు జీతాల విభాగంలో వచ్చాయి. జీతాల విభాగం కాగితాలు లారీ డ్రైవర్లు నిలబడే బల్ల మీద పడ్డాయి. పది నిమిషాల్లో పట్టుకున్నాం గానీ, ఆ పది నిమిషాల్లో ఆ కాగితాలు ఎవరి కంటపడ్డాయో మేం వెనక్కి తీసుకోలేం కదా. అప్పటి నుంచి నా పరీక్షలో "ప్రింటర్ ఆపి, మళ్ళీ వెలిగించి, ఐపీ అదే ఉందా" అన్నది తప్పనిసరి.

టెస్ట్ సర్వర్ నుంచి అసలు ప్రింటర్లకు పంపితే ఏమవుతుంది?

చాలా నష్టం జరగవచ్చు. లైవ్ సిస్టమ్‌ని కాపీ చేసి టెస్ట్ సిస్టమ్ తయారుచేస్తే దాంతోపాటు క్యూలు, వాటి అడ్రసులు, ఇంకా కొట్టని జాబులు (ప్రింట్ పనులు) కూడా కాపీ అవుతాయి. టెస్ట్ సిస్టమ్‌ని అలాగే స్టార్ట్ చేస్తే ఆ జాబులన్నీ అసలు గోడౌన్ ప్రింటర్లలో మళ్ళీ పడతాయి. అక్కడివాళ్ళకు అది అసలు ఇన్వాయిస్ లాగే కనిపిస్తుంది, నంబర్ కూడా అదే. సరుకు రెండోసారి ఎక్కించే ప్రమాదం ఉంది.

కాబట్టి అప్లికేషన్ లేపేలోపే టెస్ట్ సిస్టమ్‌లోని క్యూలన్నీ మీ పక్కనున్న ఒకే ప్రింటర్‌కి మళ్ళించండి, పెండింగ్ జాబులు తుడిచేయండి. టెస్ట్ సర్వర్ల నుంచి ప్రింటర్ల నెట్‌వర్క్‌కి దారి ఫైర్‌వాల్‌లోనే మూయించగలిగితే ఇంకా మంచిది. మనిషి మరిచిపోయినా గోడ మరిచిపోదు. ఫారం మీద "పరీక్ష ప్రతి" అని పెద్ద అక్షరాలు అడ్డంగా పడేలా చేయండి.

## సర్వర్ దగ్గర

క్యూ బాగుందో లేదో మొదట ఏం చూడాలి?

ఎల్‌పీస్టాట్ కమాండ్ ఇస్తే వచ్చే జవాబులో మూడు విషయాలు విడివిడిగా చదవండి. కొత్త జాబులు తీసుకుంటోందా, తీసుకున్నవాటిని ప్రింటర్‌కి పంపుతోందా, ఏ అడ్రస్‌కి పంపుతోంది. మొదటి రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరపడతారు. తీసుకుంటూ పంపకపోతే జాబులు లోపల పేరుకుంటాయి, క్యూ తిరిగి తెరిచిన క్షణం అన్నీ ఒకేసారి బయటపడతాయి. అసలు తీసుకోకపోతే అప్లికేషన్‌కే ఎర్రర్ వెళ్తుంది. పంపడం మొదలుపెట్టడానికి కప్స్‌ఎనేబుల్, తీసుకోవడం మొదలుపెట్టడానికి కప్స్‌యాక్సెప్ట్ అని కమాండ్లు కూడా వేర్వేరు. పేరుకున్న క్యూని తెరిచేముందు లోపల ఎన్ని ఉన్నాయో, ఎప్పటివో తప్పకుండా చూడండి. నిన్నటి గేట్ పాస్‌లు ఈరోజు ఎవరికీ అక్కరలేదు.

క్యూ దానంతట అదే ఆగిపోతోంది. రోజూ పొద్దున్నే నేనే లేపాల్సి వస్తోంది. ఎందుకు?

కప్స్‌లో మామూలుగా ఉండే ఎర్రర్ పాలసీ అలాంటిది. ఒక జాబు పంపడంలో విఫలమైతే ప్రింటర్‌నే ఆపేస్తుంది. ఒక్కరి డెస్క్ ప్రింటర్‌కి అది బాగానే ఉంటుంది. రాత్రంతా నడిచే గోడౌన్‌కి పనికిరాదు. ఆ క్యూకి "జాబుని మళ్ళీ ప్రయత్నించు" అనే పాలసీ పెట్టండి. మార్పు ఏమీ చేయకపోతే 30 సెకన్లకు ఒకసారి చొప్పున 5 సార్లు ప్రయత్నిస్తుంది.

పాలసీ మార్చాక పరీక్షించడం మరవకండి. మనిషిని ప్రింటర్ దగ్గర నిలబెట్టి, నెట్‌వర్క్ కేబుల్ తీయించి, రెండు జాబులు పంపి, రెండు నిమిషాల తర్వాత కేబుల్ పెట్టించండి. రెండూ రావాలి, వరుసలో రావాలి, ఒక్కోటి ఒక్కసారే రావాలి.

ప్రింటర్ ఆఫ్‌లో ఉంది, అయినా జాబు ఉదయం నుంచి "ప్రింటింగ్" అనే చూపిస్తోంది. ఎర్రర్ ఎందుకు రాదు?

9100 పోర్టుకి (ప్రింటర్ డేటా అందుకునే తలుపు నంబర్‌కి) నేరుగా పంపే సాకెట్ బ్యాకెండ్, అంటే కప్స్‌లో డేటా మోసుకెళ్ళే భాగం, చాలా ఓపికమంతురాలు. ప్రింటర్ కనెక్షన్ కోసం అది ఎదురుచూసే గడువు, మీరు మార్చకపోతే, అక్షరాలా ఒక వారం, అంటే 604800 సెకన్లు. అంతసేపూ జాబు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. క్యూ అడ్రస్ చివర కనెక్షన్ గడువు ఆప్షన్ చేర్చి నిమిషమో రెండు నిమిషాలో పెట్టండి. అప్పుడు తప్పు తప్పులాగే కనిపిస్తుంది, మానిటరింగ్ పట్టుకుంటుంది.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. కొన్ని లేబుల్ ప్రింటర్లు డేటా అందుకున్నాక తమ వైపు నుంచి కనెక్షన్ సరిగా ముగించవు. లేబుల్ బయటికి వచ్చేసినా సర్వర్ దాని ముగింపు కోసం కాచుకుని ఉంటుంది, వెనకాల జాబులు నిలబడిపోతాయి. అలాంటి ప్రింటర్‌కి "ముగింపు కోసం ఆగొద్దు" అనే ఆప్షన్ కూడా అదే అడ్రస్ చివర పెట్టుకోవచ్చు.

లాగ్‌లో "కంప్లీటెడ్" అని ఉంది, కాగితం రాలేదు. అబద్ధం ఎవరు చెబుతున్నట్టు?

ఎవరూ కాదు. "కంప్లీటెడ్" అన్న మాటకు మనం ఎక్కువ అర్థం చెప్పుకుంటున్నాం, అంతే.

9100 మీద సర్వర్ చేసేది బైట్లు పోయడం ఒక్కటే. అవతలి నెట్‌వర్క్ కార్డు "అందాయి" అంటే జాబు అయిపోయినట్టే దాని లెక్క. 515 మీద నడిచే ఎల్‌పీడీ అనే పాత ప్రింట్ పద్ధతి కూడా డేటా అందిందనే చెబుతుంది, కాగితం మీద పడిందని కాదు. 631 మీద నడిచే ఐపీపీ అనే పద్ధతిలో మాత్రం ప్రింటర్ తన జాబు స్థితిని తిరిగి చెప్పగలదు. కొనేటప్పుడు ఐపీపీ సరిగా పలికే ప్రింటర్ అడిగి తీసుకోండి అని నేను పోరుతూ ఉండేది ఇందుకే.

బైట్లు అందినా కాగితం రాకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణాలు: ప్రింటర్‌కి రాని భాషలో డేటా పంపడం, ట్రేలో లేని సైజు కాగితం అడిగి ప్యానెల్ మీద మెసేజ్‌తో ఆగి ఉండడం, పిన్ కొడితేనే వచ్చే సెక్యూర్ ప్రింట్ మోడ్‌లో ఉండడం, ఇంకా సింపుల్‌గా వేరే ప్రింటర్‌కి వెళ్ళిపోవడం. తేల్చుకోవడానికి పేజీల లెక్క చూడండి. పంపే ముందు ప్రింటర్ ప్యానెల్‌లో ఉన్న కౌంటర్ రాసుకోండి, పంపాక మళ్ళీ చూడండి. లెక్క పెరగలేదంటే ఆ యంత్రం కాగితం లాగలేదు. పెరిగిందంటే కాగితం ఎవరో పట్టుకుపోయారు. సర్వర్ లాగ్ కంటే ఆ చిన్న అంకె నమ్మకమైన సాక్షి.

ఒక్కొక్కటి పంపితే వస్తాయి. ఒకేసారి నలభై పంపితే సగం ఆగిపోతాయి. ఏం చూడాలి?

పాత ఎల్‌పీడీ పంపిణీ అయితే మొదట పోర్టులను అనుమానించండి. ఎల్‌పీడీని వర్ణించే ఆర్‌ఎఫ్‌సీ 1179 అనే సాంకేతిక పత్రం వచ్చింది 1990లో. పంపేవాళ్ళు 721 నుంచి 731 వరకు ఉన్న పోర్టుల్లోంచే బయలుదేరాలని అందులో ఉంది, అంటే పదకొండే. ఆ నియమాన్ని పాటించే సాఫ్ట్‌వేర్‌లో, ఒకసారి వాడిన పోర్టు మళ్ళీ ఖాళీ కావడానికి కొంతసేపు పడుతుంది. చిన్న చిన్న జాబులు వరదలా వస్తే పోర్టులు చాలక నిలబడిపోతాయి. ఆ నిర్బంధం తీసేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి, లేకపోతే 9100కో ఐపీపీకో మారండి.

ఒక్క పేజీ పంపి "పాస్" రాయడం వల్లే ఈ లోపం లైవ్‌లో బయటపడుతుంది. సాయంత్రం అయిదు గంటలకు డిస్పాచ్‌లో ఎన్ని కాగితాలు పడతాయో అడిగి తెలుసుకుని, అంత జోరుతోనే పరీక్షించండి.

సెక్యూరిటీ టీమ్ 631 మూసేయమంటోంది. మూస్తే ప్రింట్ ఆగిపోతుందా?

మీ సర్వర్ ఎవరి నుంచి జాబులు తీసుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో కప్స్‌కి తోడుగా ఉండే కప్స్-బ్రౌజ్డ్ అనే సర్వీసులో పెద్ద లోపాలు బయటపడ్డాయి. అది ప్రింటర్లను తానే వెతుక్కోవడానికి యూడీపీ 631 మీద వింటూ ఉంటుంది (నంబర్ ఒకటే అయినా, ప్రింట్ జాబులు వచ్చే టీసీపీ 631 వేరు). క్యూలన్నీ చేత్తో రాసుకున్న ఎంటర్‌ప్రైజ్ సర్వర్‌కి ఆ వెతుకులాట అవసరం లేదు, ఆ సర్వీసును నిశ్చింతగా ఆపేయండి. అప్లికేషన్ అదే సర్వర్‌లో ఉండి, జాబులు 9100కో 515కో బయటికి వెళ్తుంటే, లోపలికి వచ్చే 631 మూసినా ప్రింట్ ఆగదు. వేరే సర్వర్లు, యూజర్ల పీసీలు మీ సర్వర్‌కి జాబులు పంపుతుంటే మాత్రం టీసీపీ 631 వాళ్ళకు తెరిచే ఉండాలి. మూసిన రోజే రెండు రకాలూ పంపి చూడండి.

## దారి మధ్యలో

పింగ్ అవుతోంది కదా, ప్రింట్ ఎందుకు కావడం లేదు?

పింగ్ వెళ్ళే దారి వేరు, ప్రింట్ వెళ్ళే తలుపు వేరు. పింగ్ వెళ్ళేది ఐసీఎంపీ (నెట్‌వర్క్ యంత్రాలు తమలో తాము చిన్న కబుర్లు చెప్పుకునే పద్ధతి) మీద. ప్రింట్ వెళ్ళేది టీసీపీ 9100, 515, 631లో ఏదో ఒక పోర్టు మీద. ఫైర్‌వాల్ ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని ఆపవచ్చు. కాబట్టి ఆ పోర్టునే పరీక్షించండి, అదీ సర్వర్ మీద నుంచే. మీ లాప్‌టాప్ నుంచి తెరుచుకుంటే అది మీ లాప్‌టాప్‌కి మాత్రమే వర్తిస్తుంది.

జవాబు ఎలా వచ్చిందో గమనించండి. వెంటనే "రిఫ్యూజ్డ్" అంటే చాలావరకు యంత్రం దాకా చేరారు, ఆ పోర్టు దగ్గర వినేవాళ్ళు లేరు. చాలాసేపు ఆగి "టైమ్ అవుట్" అంటే దారిలో ఎవరో మింగేశారు, లేదా యంత్రమే లేదు. నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ వేసేటప్పుడు ఈ రెండింట్లో ఏదో రాస్తే వాళ్ళ పని సగం తగ్గుతుంది.

జాగ్రత్త ఒకటి. 9100కి టెల్‌నెట్‌తో కనెక్ట్ అయ్యాక ఏ అక్షరం టైప్ చేసినా ప్రింటర్ దాన్ని కాగితం మీద కొట్టే అవకాశం ఉంది. తెరుచుకుందని చూసి వెంటనే బయటికి రండి. చాలా ప్రింటర్లు ఆ పోర్టు మీద ఒకసారికి ఒక్కరినే రానిస్తాయి. మీరు తలుపులో నిలబడితే అసలు జాబులు బయట నిలబడతాయి.

బెంగళూరు నుంచి శ్రీపెరంబుదూరుకి ఒక లేబుల్ వెళ్తుంది, పది పేజీల పత్రం మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ప్రింటర్ మెమరీ చాలడం లేదా?

మెమరీ కావచ్చు, కానీ వీపీఎన్ (రెండు ఊళ్ళ నెట్‌వర్క్‌లను కలిపే రక్షిత టన్నెల్) మీదుగా వెళ్తుంటే ముందు ప్యాకెట్ సైజు చూడండి. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉంటుంది. వీపీఎన్ తన సొంత పొర చుట్టడంతో లోపల మనకు మిగిలే చోటు తగ్గుతుంది. పెద్ద ప్యాకెట్ పట్టకపోతే "చిన్నది చేసి పంపు" అని మధ్యలో ఉన్న రౌటర్ ఐసీఎంపీలో చెప్పాలి. ఆ ఐసీఎంపీని ఎవరో భద్రత పేరుతో మూసేసి ఉంటే సర్వర్‌కి ఆ కబురు అందదు. అది పెద్ద ప్యాకెట్లే పంపుతూ ఉంటుంది, అవి పోతూనే ఉంటాయి. లేబుల్ కొన్ని వందల బైట్లే కాబట్టి దానికి ఇబ్బంది ఉండదు.

పరీక్ష తేలిక. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500 అవుతుంది. దానికి జవాబు రాక, సైజు తగ్గిస్తూ పోతే ఒకచోట జవాబు వస్తే, రోగం దొరికినట్టే. ఆ అంకెతో నెట్‌వర్క్ టీమ్‌ని అడగండి, టన్నెల్ మీద టీసీపీ ఎమ్మెస్సెస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా గరిష్ఠ సైజు) తగ్గిస్తే చాలు. ఈ ఒక్క లోపం దగ్గర మా కుర్రాళ్ళు ప్రింటర్ మార్చారు, డ్రైవర్ మార్చారు, కేబుల్ మార్చారు, రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నారు. మీకు ఆ టెన్షన్ వద్దు.

రాత్రిపూట ప్రింటర్ పిచ్చి అక్షరాలతో పేజీలకు పేజీలు కొడుతోంది. వైరసా?

ముందు సెక్యూరిటీ స్కాన్ ఎన్ని గంటలకు నడుస్తుందో అడగండి. స్కానర్ ప్రతి పోర్టునూ తట్టి కొంత డేటా పంపి చూస్తుంది. 9100కి వచ్చిందల్లా ప్రింట్ చేయడమే ప్రింటర్‌కి తెలిసిన పని. సమయాలు కలిస్తే ప్రింటర్లలో ఆ పోర్టును స్కాన్ నుంచి తప్పించమని అడగండి, దాంతోపాటు సర్వర్ ఐపీ తప్ప ఇంకెవరూ 9100ని తాకకుండా ప్రింటర్‌లోనే అనుమతి జాబితా పెట్టండి.

## ప్రింటర్ దగ్గర

టెస్ట్ పేజీ మీద ఏమేం ఉండాలి?

తాను ఎవరో చెప్పుకోగలిగే పేజీ కావాలి. పంపిన సర్వర్ పేరు, క్యూ పేరు, తేదీ, సెకన్లతో సహా సమయం, పరీక్ష సంఖ్య, ఏ ప్రింటర్ దగ్గర రావాలో ఆ చోటు. కప్స్‌తో వచ్చే మామూలు టెస్ట్ పేజీ ఒక్కటే పెట్టుకుని ముప్పై క్యూలు పరీక్షిస్తే, చేతిలో ఉన్న కాగితం ఏ క్యూదో కాసేపటికి మీకే తెలియదు.

దాని కింద అసలు పత్రంలో వచ్చే కష్టమైనవన్నీ పెట్టండి: అన్నిటికంటే పొడవైన కస్టమర్ అడ్రస్, క్యూఆర్ కోడ్, రూపాయి గుర్తు. ఆ గుర్తు 2010లో వచ్చింది. అంతకుముందు తయారైన ప్రింటర్ ఫాంట్లలో అది ఉండదు, దాని బదులు ఖాళీ పెట్టో ప్రశ్నార్థకమో పడుతుంది. డాట్ మ్యాట్రిక్స్ మీద "రూ." అని అక్షరాల్లో కొట్టించడమే మేలు. క్యూఆర్ కోడ్ పడిందని చూసి ఊరుకోకండి, ఫోన్‌తో స్కాన్ చేయండి. ఈ-ఇన్వాయిస్ మీద స్కాన్ కాని కోడ్ ఉంటే దారిలో తనిఖీ దగ్గర ఇబ్బంది పడేది లారీ డ్రైవర్.

సర్వర్ టెస్ట్ పేజీ బాగానే వచ్చింది. ఇన్వాయిస్ మాత్రం మెట్లు మెట్లుగా, చెత్తగా వస్తోంది. ఎందుకు?

ప్రతి వరుసా ముందు వరుస ఆగిన చోటి నుంచి మొదలై మెట్లలా దిగుతుంటే అది వరుస ముగింపు తేడా. లినక్స్ వరుస చివర "కిందికి దిగు" అని మాత్రమే చెబుతుంది. పాత డాట్ మ్యాట్రిక్స్‌కి "ఎడమకి వెళ్ళు" అని కూడా చెప్పాలి. ప్రింటర్ సెట్టింగ్‌లో దాన్ని జోడించమనవచ్చు, లేదా పంపేముందు ఫిల్టర్‌లో మార్చవచ్చు.

లేబుల్ మీద బార్‌కోడ్ బదులు కమాండ్లే అక్షరాలుగా పడుతుంటే, ఆ లేబుల్ భాషను ప్రింటర్ అర్థం చేసుకోవడం లేదు, లేదా మధ్యలో కప్స్ డ్రైవర్ దాన్ని మామూలు పాఠం అనుకుని మార్చేసింది. లేబుల్ క్యూని డ్రైవర్ లేని రా క్యూగా (డేటాను ఏ మార్పూ లేకుండా పంపేదిగా) పెట్టి చూడండి.

లేబుల్ చిన్నదైపోయి ఒక మూలకు వచ్చింది. ఏం తప్పు?

ప్రింట్ హెడ్ సాంద్రత తేడా. 203 డీపీఐకి (అంగుళానికి 203 చుక్కలు) గీసిన లేబుల్‌ని 300 డీపీఐ ప్రింటర్‌కి పంపితే మూడింట రెండొంతుల సైజుకి తగ్గిపోతుంది. చుక్కల లెక్క అదే, చుక్కే చిన్నదైంది. పాత ప్రింటర్ చెడి "అదే మోడల్" కొత్తది తెచ్చినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. ఆర్డర్‌లో డీపీఐ కూడా రాయండి.

ప్రింటర్ "లెటర్ కాగితం పెట్టండి" అంటోంది. మన దగ్గర ఎక్కడిది?

ఫారమో డ్రైవరో అమెరికా సైజుకి సెట్ అయి ఉంది. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు, లెటర్ అంటే సుమారు 216 × 279. క్యూలోనూ ఫారంలోనూ ప్రింటర్‌లోనూ, మూడు చోట్లా ఏ4 పెట్టండి.

కస్టమర్ పేరు తెలుగులోనో కన్నడలోనో తమిళంలోనో పడాలంటే ప్రింటర్ మార్చాలా?

అక్కరలేదు. ఒత్తులు, గుణింతాలు కూర్చే పని ప్రింటర్ సొంత ఫాంట్లకు వదలకుండా సర్వర్ దగ్గరే పూర్తిచేసి, ఫాంట్ పొదిగిన పీడీఎఫ్‌గానో బొమ్మగానో పంపాలి. జాబు సైజు పెరుగుతుంది కాబట్టి నెమ్మదైన లైన్ల మీద ఎంతసేపు పడుతుందో కొలవండి. పరీక్షకు "లక్ష్మి", "శ్రీకృష్ణ" లాంటి ఒత్తులున్న పేర్లు వాడండి. "రమ" అని కొట్టి బాగుందనుకుంటే మోసపోతారు. మన ఊరివాళ్ళ పేర్లు కాగితం మీద విరిగిపోయి కనిపిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

## అప్లికేషన్ నుంచి

సర్వర్ కమాండ్‌తో కొడితే వస్తుంది, అప్లికేషన్ నుంచి నాలుగుసార్లలో ఒకసారి రాదు. ఏం చేయాలి?

అప్లికేషన్ సర్వర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు ఉండి, కొత్త క్యూని మూడింట్లోనే తయారుచేసి ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. లోడ్ బ్యాలెన్సర్ (యూజర్లను సర్వర్ల మధ్య పంచేది) యూజర్‌ని ఎక్కడికి పంపితే అక్కడి అదృష్టం. ప్రతి సర్వర్‌లోకి విడిగా లాగిన్ అయి అదే క్యూకి పంపండి. ఆ పని రూట్ యూజర్‌తో కాదు, అప్లికేషన్ ఏ యూజర్ పేరుతో నడుస్తుందో ఆ యూజర్‌తో చేయండి.

శాప్ (కంపెనీ లెక్కలు, సరుకు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేచోట ఇంకో మెట్టు ఉంది. అందులో అవుట్‌పుట్ డివైస్‌కి ఒక పేరు, దాని లోపల ఆపరేటింగ్ సిస్టమ్ క్యూ పేరు ఇంకొకటి ఉంటాయి. స్పూల్ రిక్వెస్ట్ (కొట్టడానికి దాచిన పత్రం) తయారవడం ఒక సంగతి, దాని నుంచి అవుట్‌పుట్ రిక్వెస్ట్ (ప్రింటర్‌కి పంపమనే ఆజ్ఞ) బయలుదేరడం ఇంకో సంగతి. రెండూ విడిగా చూస్తేనే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

రూటింగ్ నియమాలకు ఏ ఏ కేసులు పరీక్షించాలి?

మామూలు కేసులు మీరు ఎలాగూ రాస్తారు. మరిచిపోయేవి చెబుతాను. పీణ్యా నుంచి హోసూరుకి బదిలీ అయిన మనిషి: కొత్త చోట నొక్కితే కాగితం పాత చోట వస్తోందా? రాత్రి షిఫ్టులో ఇద్దరు వాడే ఒకే లాగిన్. రెండు ప్లాంట్ల సరుకు ఉన్న ఒకే ఆర్డర్. ఏ నియమానికీ సరిపోని పత్రం.

ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఏ నియమమూ తగలకపోతే చాలా సిస్టమ్‌లు డిఫాల్ట్ ప్రింటర్‌కి పంపేస్తాయి, అది సాధారణంగా హెడ్డాఫీసులో ఎక్కడో ఉంటుంది. అలా కాకుండా జాబు ఆగిపోయి, ఎర్రర్ తెర మీద కనపడి, సపోర్ట్‌కి మెయిల్ వెళ్ళేలా పెట్టించండి. రాని కాగితాన్ని మళ్ళీ కొట్టవచ్చు.

ప్రతి కేసులో రెండు గడులు పెట్టుకోండి: రావలసిన చోట వచ్చిందా, రాకూడని చోట రాలేదా. రెండో గడి నింపడానికి మిగతా ప్రింటర్ల ట్రేలు నిజంగా వెళ్ళి చూడాలి. జీతం చీటీలు, ఆరోగ్య పరీక్షల రిపోర్టుల వంటివాటికి నేను ఆ గడి ఖాళీగా ఉంటే పాస్ ఇవ్వను, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇన్వాయిస్ మూడు ప్రతులు కావాలంటే కాపీల సంఖ్య 3 పెడితే చాలదా?

చాలదు. సరుకు సరఫరాకు, ఈ-ఇన్వాయిస్ కాకపోతే, జీఎస్టీ నియమం 48 ప్రకారం మొదటి ప్రతి కొనేవారికి, రెండోది రవాణాదారుకి, మూడోది అమ్మేవారికి అని గుర్తు పడాలి. కాపీల సంఖ్య పెంచితే ఒకే ప్రతి మూడుసార్లు వస్తుంది. మూడూ చేతిలో పట్టుకుని ఆ మాటలు వేర్వేరుగా ఉన్నాయా, పేజీలు కలగలిసిపోకుండా సెట్లుగా వచ్చాయా చూడండి.

## లైవ్ అయ్యాక

ప్రింటర్ చెడిపోతే జాబుల్ని పక్కదానికి ఎలా మళ్ళించాలి?

ఎల్‌పీమూవ్ కమాండ్‌తో ఒక క్యూలోని జాబుల్ని ఇంకో క్యూకి జరపవచ్చు. ముందే ఏర్పాటు కావాలంటే రెండు మూడు ప్రింటర్లను ఒక క్లాస్‌గా కట్టవచ్చు, ఖాళీగా ఉన్నదానికి జాబు వెళ్తుంది. ఒకే గది, ఒకే కాగితం, ఒకే భాష ఉన్న ప్రింటర్లనే ఒక క్లాస్‌లో పెట్టండి. లేకపోతే "నా కాగితం ఏ అంతస్తులో వచ్చింది" అని జనం మెట్లెక్కి తిరుగుతారు. సగం కొట్టిన జాబును జరిపితే మొదటి పేజీలు మళ్ళీ వస్తాయి కాబట్టి వరుస సంఖ్యలున్న గేట్ పాస్‌ల విషయంలో పాత సగాన్ని అక్కడికక్కడే చింపించండి.

పరీక్ష పాస్ అయ్యిందని ఎవరు సంతకం పెట్టాలి?

కాగితం చేతిలో ఉన్న మనిషి. మనం కాదు. గోడౌన్‌లోని అన్నకో అక్కకో ఫోన్ చేసి, పేజీ మీదున్న పరీక్ష సంఖ్య చదివించుకోండి, ఫోటో పంపమనండి. వాళ్ళకు తెలుగు రాకపోతే కన్నడలోనో తమిళంలోనో రెండు ముక్కలు నేర్చుకుని అడగండి, ఎంత పని ఉన్నా ఆగి చెబుతారు. జీతాల కాగితాల ఫోటో మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టించవద్దు.

ఒకసారి పాస్ అయ్యాక మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలి?

ఫైర్‌వాల్ నియమం మారినప్పుడు, సర్వర్‌కి ప్యాచ్ వేసినప్పుడు, ప్రింటర్ గానీ దాని ఫర్మ్‌వేర్ గానీ మారినప్పుడు, సిస్టమ్ కాపీ జరిగినప్పుడు, గోడౌన్‌లో బల్లలు జరిపినప్పుడు కూడా.

ఇంకొకటి మన ఊళ్ళకు ప్రత్యేకం. ఆయుధ పూజకి బెంగళూరులోనూ చెన్నై చుట్టుపక్కలా ఫ్యాక్టరీల్లో యంత్రాలన్నీ కడిగి, ఆపి, కుంకుమ పెట్టి, దండలు వేస్తారు. ప్రింటర్లకూ పెడతారు. తుడిచేటప్పుడు కేబుళ్ళు తీసి, తిరిగి ఏ సాకెట్ ఖాళీగా ఉంటే అందులో పెడతారు. సెలవు అయ్యాక మొదటి లారీ గేటు దగ్గరికి వచ్చే గంట ముందే ప్రతి క్యూకి ఒక్కో టెస్ట్ పేజీ పంపి, అక్కడున్నవాళ్ళతో సంఖ్య చదివించుకోండి.